దిగిపోయే దొర పంచాది

పెద్దులు తనతో మాట్లాడడం మానేసి నాలుగేళ్లు దాటింది. ఆ నాలుగేళ్లలో రఘుపతి తిన్న అన్నమంతా పెద్దులు వండిందే.

పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు మెస్సు వైపు నుంచి చెప్పుల చప్పుడు వినిపించేది. తలుపు మీద వేలితో తట్టిన అలికిడి అయ్యేది. రఘుపతి లేచి తలుపు తీసేసరికి గుమ్మం పక్కన స్టూలు మీద స్టీలు కంచం, ఇసుకలో వెనక్కి వెళ్లిపోతున్న పెద్దులు వీపు కనిపించేవి. కంచంలో అన్నం, పప్పు, ఏదో ఒక కూర, అంచున పచ్చి ఉల్లిగడ్డ ముక్క. క్యాంపులో అందరి కంచాల్లోనూ ఉల్లిగడ్డ ఉండేది. తన కంచంలోని ముక్క ఎత్తిపొడుపో, వట్టి అలవాటో రఘుపతి తేల్చుకోలేకపోయాడు. తేల్చుకోలేక దాన్ని కూడా నమిలి మింగేవాడు. ఘాటు తెలిసేది కాదు. చాలా రోజులుగా అతనికి ఏ రుచీ అంతగా తెలియడం లేదు.

1995 అక్టోబరులో అతని ఉద్యోగం ముగిసింది. రాజీనామా తనే ఇచ్చాడు. ఎందుకిచ్చావని అల్ ఖువైర్‌లోని హెడ్డాఫీసులో అడిగితే, కూతురు నవీన ఇంటరుకు వచ్చిందనీ, భార్య శ్రీలతకు ఒంటరిగా కష్టమవుతోందనీ చెప్పాడు. అవి రెండూ నిజాలే, కానీ రాజీనామాకు కారణాలు కావు. పెట్టెలు కట్టుకున్న రోజున ఇంటికి పోతున్న సంతోషం లోపల ఎక్కడైనా ఉందేమోనని వెతికి చూశాడు. కనిపించలేదు. వదిలి వెళ్తున్న దిగులు కోసం వెతికాడు. అదీ లేదు. ఒక్క కోరిక మాత్రం మిగిలి ఉంది. విమానం ఎక్కేలోగా పెద్దులు నోరు విప్పి తనతో ఒక మాట అనాలి. తిట్టినా సరే. తిడితే మరీ మంచిది.

ఆ కోరిక అతని రాజ్యం నుంచి పుట్టింది కాబట్టి ముందు ఆ రాజ్యం సంగతి చెప్పుకోవాలి. గల్ఫు తీరాన సహం అనే ఊరి బజారు దాటి, ఖర్జూరపు తోటలకూ సముద్రానికీ నడుమ, ఒక నిర్మాణ కంపెనీ వేసిన క్యాంపు అది. వరసలుగా పోర్టా క్యాబిన్లు, మధ్యలో నీళ్ల ట్యాంకు, ఒక చివర రేకుల షెడ్డు కింద మెస్సు. గాలి మళ్లిందంటే ఒడ్డున ఎండబోసిన చిన్న చేపల వాసన క్యాంపంతా కమ్ముకునేది. మేస్త్రీలు, కూలీలు చాలామంది జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు వాళ్లు. రఘుపతి ఉస్మానియాలో చరిత్ర ఎం.ఏ. చేసినవాడు. ఒక ప్రైవేటు కాలేజీలో కొన్నాళ్లు పాఠం చెప్పి, అక్కడ ఇమడలేక, టైమ్‌కీపరు వీసా మీద వచ్చి, క్రమంగా క్యాంపు ఇన్‌ఛార్జి అయ్యాడు. ఎవరు ఎవరి గదిలో పడుకోవాలి, ట్యాంకరు నీళ్లు ముందు ఏ వరసకు ఇవ్వాలి, జనరేటరు ఎప్పుడు ఆపాలి అన్నవి అతని నోటి మాట మీద నడిచేవి. అన్నిటికన్నా ముఖ్యం పొద్దుటి దర్బారు.

దర్బారు అనే పేరు పెట్టింది కూలీలే. ఒంట్లో బాగాలేదనేవాళ్లు బస్సు కదలకముందు ట్యాంకు పక్కన వరసగా నిలబడాలి. రఘుపతి ఒక్కొక్కరి నుదుటి మీద చేతి వెనక భాగం ఆనించి చూసేవాడు. “నాలుక” అనేవాడు. నాలుక చూశాక ఒకటే మాట చెప్పేవాడు. “రూమ్” అంటే ఆ రోజుకు విశ్రాంతి. “బస్సు” అంటే డ్యూటీ. బస్సు అనిపించుకున్నవాడు మారు మాట లేకుండా వెళ్లి బస్సెక్కి కూర్చోవాలి. రఘుపతి వైద్యం చదవలేదు. ఆ అధికారం ఎవరూ అతనికి కాగితం మీద రాసివ్వలేదు కూడా. ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి అతను చెప్పాడు. చెప్పగా చెప్పగా అది చట్టమైంది.

చంకలో ఉల్లిగడ్డ పెట్టుకుంటే ఒళ్లు వేడెక్కుతుందన్నది బడి ఎగ్గొట్టే వయసులో ఆ పక్క పిల్లలందరూ నేర్చుకున్న విద్య. క్యాంపులోనూ అది సాగేది. రఘుపతి కూడా చిన్నప్పుడు ఆ విద్య తెలిసినవాడే గనుక, నుదుటి మీద చేయి వేసేముందు కొంచెం వంగి వాసన చూసేవాడు. పట్టుబడ్డవాడు ఇకిలించి బస్సు వైపు పరుగెత్తేవాడు, వరసంతా నవ్వేది. ఆ నవ్వు రఘుపతికి ఇష్టంగా ఉండేది. క్రూరుడైన అధికారిని చూసి ఎవరూ అలా నవ్వరు కదా అనుకునేవాడు.

1991 జులైలో ఒక పొద్దున గంగాప్రసాద్ ఆ వరసలో నిలబడ్డాడు. పెద్దులు అక్క గౌరవ్వకు ఒక్కడే కొడుకు. మేనమామ తెప్పించిన వీసా మీద వచ్చి ఏడాది కూడా కాలేదు. క్రితం సాయంత్రం మెస్సులో కూరగాయలు తరిగే వంతు అతనిది. హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్లు భోజనానికి వస్తున్నారని బస్తాలకు బస్తాలు ఉల్లిగడ్డలు కోశాడు. కోసిన చొక్కాతోనే పడుకున్నాడు, ఆ చొక్కాతోనే వచ్చి నిలబడ్డాడు.

రఘుపతి వంగాడు. వాసన గుప్పుమంది.

“ఏ చంకల పెట్టినవ్ రా అల్లుడా? ఎడమనా, కుడినా?”

వరస గొల్లున నవ్వింది. గంగాప్రసాద్ కూడా నవ్వాడు. “లేదు సార్, నిజంగ జెరమున్నది” అన్నాడు నవ్వుతూనే. రఘుపతి నుదుటి మీద చేయి పెట్టాడు. కాలుతోంది. కాలుతుంది మరి, ఉల్లిగడ్డ పెట్టుకుంటే.

“బస్సు” అన్నాడు.

ఆ రోజు పైకప్పు స్లాబు పోస్తున్నారు. మధ్యాహ్నం కాంక్రీటు మిక్సరు పక్కన గంగాప్రసాద్ కూలిపోయాడు. ఆసుపత్రికి తీసుకుపోయింది రఘుపతే. అక్కడ సారా అనే నర్సు ఉండేది, గోదావరి వైపు మనిషి. అంతా అయిపోయాక బయటికి వచ్చి, బెంచీ మీద కూర్చున్న అతని పక్కన నిలబడింది.

“ఎండదెబ్బండీ. పొద్దుటి నుంచీ జ్వరం ఉండుంటుంది, దాని మీద ఎండలో పనిచేశాడు. కాస్త ముందు తెస్తే బాగుండేది. మీకెవరికీ చెప్పలేదాండీ అబ్బాయి?”

“చెప్పాడు” అన్నాడు రఘుపతి.

ఆమె ఇంకేమీ అడగలేదు. పోలీసులు అడగలేదు, కంపెనీ అడగలేదు. ఎండదెబ్బకు ఎవరూ బాధ్యులు కారని అందరూ ఒప్పుకున్నారు. పెద్దులు శవంతో ఊరికి వెళ్లి, వెళ్లక తప్పనట్టే తిరిగి రాక కూడా తప్పక, వర్షాలు వెనకబట్టాక వచ్చాడు. అతను అడగబోయే ప్రశ్నకు రఘుపతి జవాబు సిద్ధం చేసుకొని ఉన్నాడు. ఎన్నోసార్లు తిరగరాసుకున్న జవాబు అది, ఏ మాటకూ వంక పెట్టడానికి వీల్లేనంత పకడ్బందీగా ఉంది. పెద్దులు అడగలేదు. దండం పెట్టలేదు, మొహం తిప్పుకోనూ లేదు. ఎండ పడకుండా ఉంటుందని రఘుపతి అతన్ని సైటు నుంచి తీసి మెస్సులో వేశాడు. పెద్దులు ఆ మార్పుకూ ఏమీ అనకుండా వెళ్లి పొయ్యి ముందు నిలబడ్డాడు. జవాబు లోపలే ఉండి ఉండి ఎండిపోయింది. దానితోపాటే ఇంకా చాలా ఎండిపోయాయి.

ఆ తర్వాత దర్బారులో రఘుపతి ఎవరికీ బస్సు అనలేదు. నుదురు ముట్టుకోకుండానే “రూమ్” అనేసేవాడు.

“గిట్లయితె కష్టం సారు” అన్నాడు ఒకసారి పోశెట్టి. క్యాంపులో అందరికన్నా పాత మేస్త్రీ, నోరు ఊరుకోని మనిషి. “మీరు అందరికి రూమ్ అంటుంటె అబద్ధం చెప్పుడుల మజ పోయింది. మా పోరగాండ్లు ఉత్తగనె డ్యూటీకి పోతున్రు.”

నిజంగానే వరస పలచబడింది. హెడ్డాఫీసు మెచ్చుకుంది.

గవర్నరు సంగతి ఆ రోజుల్లోనే మొదలైంది. ఇంగ్లండు వెళ్లిపోతూ ఒక ఇంజినీరు వదిలేసిన పెట్టెలో అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది. ఎన్నో వందల ఏళ్ల కింద సముద్రానికి అవతలున్న ఒక ఎండు తీరాన్ని స్పెయిన్ రాజు తరఫున ఏలిన దోన్ ఎస్తెబాన్ అనే గవర్నరు జీవితం, పాలన. రఘుపతి సాయంత్రాలు ఆ పుస్తకంతోనే గడిపేవాడు. చదివిందే మళ్లీ చదివేవాడు. శుక్రవారం భోజనాలయ్యాక మెస్సు షెడ్డులో పడుకున్నవాళ్లు కథ చెప్పమని పోరితే, తెలిసిన కథలన్నీ అయిపోయి ఉన్నందువల్ల, గవర్నరు కథ మొదలుపెట్టాడు. వాళ్లు అతన్ని వెంటనే గవర్నరు దొర అన్నారు. దొర అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

పేదింట్లో పుట్టి, బంధువుల సిఫార్సుతో పదవి సంపాదించి, ఓడలో వాంతులు చేసుకుంటూ వచ్చిన దొర. వసారాలో కూర్చొని పొద్దున్నే జనం మొరలు విన్న దొర. మంచినీటి బావులు తవ్వించిన దొర. సముద్రపు దొంగలు వస్తారని ఊరి చుట్టూ గోడ కట్టించిన దొర. వారం వారం కథ సాగింది. పెద్దులు షెడ్డులోకి వచ్చేవాడు కాదు. షెడ్డుకు ఆనుకొనే వంటగది, మధ్యలో జాలీ కిటికీ. సాయంత్రపు కూరకు ఉల్లిగడ్డలు తరిగే కత్తి చప్పుడు కథ పొడుగునా వినిపిస్తూ ఉండేది.

“సారూ, గోడ కట్టుడు ఒడిసిందా?” అని అడిగాడు పోశెట్టి ఒక శుక్రవారం.

“ఒడిసింది. వానకు సగం కూలింది. ఎండకాలం మల్ల కట్టిచ్చిండు.”

“గా ఎండల పనిజేసినోళ్లు?”

“శానమంది సచ్చిపొయిన్రు.”

“ఎందరు?”

“పుస్తకంల లేదు.”

“ఎందుకుంటది? గోడ పొడుగు రాసుంటరు.”

“అది ఉన్నది” అని ఒప్పుకున్నాడు రఘుపతి.

కొందరు నవ్వారు. నవ్వు అణిగాక రఘుపతి గవర్నరు దిగిపోయిన ఘట్టం చెప్పాడు. స్పెయిన్ రాజుల చట్టం ప్రకారం పదవి ముగిసిన గవర్నరు వెంటనే ఓడ ఎక్కడానికి వీల్లేదు. చాలాసార్లు అతని తర్వాత వచ్చిన గవర్నరే న్యాయమూర్తిగా కూర్చుంటాడు. దిగిపోయే దొర మీద ఫిర్యాదు ఉన్నవాళ్లు ఎవరైనా సరే వచ్చి చెప్పుకోవచ్చని ఊళ్లలో చాటింపు వేయిస్తారు. ఆ విచారణ అయ్యేదాకా అతను ఊరు కదలకూడదు.

షెడ్డులో పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు.

“దొర మీదనా?”

“దొర మీదనే.”

“దొర కూసోని ఇంటడా?”

“ఇనాలె. రాజు ఆర్డరు.”

“మా ఊరి దొర రాత్రికి రాత్రి కారెక్కి పట్నం పొయ్యిండు సారు” అన్నాడు పోశెట్టి. “గడీల పావురాలు మిగిలినయి. గిసొంటి పంచాది ఒకటి ఉంటదని ఎరుకుంటె కారుకు అడ్డం పండుకుందు.”

“పండుకునేటోనివే!” అన్నారు వెనక నుంచి ఎవరో. “గడి ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచినోనివి నువ్వు. అడ్డం పండుకునుడు కాదు, కారుకు అద్దం తుడుద్దువు.”

“నువ్వు నా ఎనుకనే నడిచినవ్ గదర, నీ చెప్పులు గుడ నాకే పట్టుకొమ్మని ఇచ్చి.”

నవ్వులాట ఆగింది. చివరికి పోశెట్టే అడిగాడు. “మరి గవర్నరు దొర మీద ఏమేం చెప్పిన్రు సారు?”

“సిపాయిలు కోడిని ఎత్కపొయిన్రని ఒకామె చెప్పింది. కంచరగాడిదకు కిరాయి ఇయ్యలేదని ఒకడు చెప్పిండు.”

“గోడ సంగతి?”

“ఎవ్వలు చెప్పలేదు.”

వంటగదిలో కత్తి చప్పుడు ఆగింది. కొంతసేపు అలాగే ఉండి మళ్లీ మొదలైంది.

“ఏ తప్పు లేదని తీర్పయింది. ఓడెక్కి పొయ్యిండు. అటెంక ఇరవై ఏండ్లు బతికిండు.”

“బతికి ఏం జేసిండు?”

“ఆ ఇరవై ఏండ్లకు పుస్తకంల ఒక్క పేరానే ఉన్నది.”

ఆ పేరా రఘుపతికి కంఠస్థం. గవర్నరు సొంత ఊరికి వెళ్లి, ఆలివు తోట పెట్టి, ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడక, వృద్ధుడై మరణించెను. రాసినవాడు అది శాంతి అనుకొని రాశాడు. రఘుపతి వేరే విధంగా చదువుకున్నాడు. నెల రోజులపాటు ఆ గవర్నరు కుర్చీలో కూర్చొని, కోడి గురించీ గాడిద గురించీ వింటూ, గుంపులో ఎవరైనా లేచి గోడ మాట ఎత్తుతారేమోనని ఎదురుచూసి ఉంటాడు. ఎత్తలేదు. తర్వాతి ఇరవై ఏళ్లూ ఆలివు చెట్ల మధ్య ఆ కుర్చీలోనే కూర్చొని ఉంటాడు.

కూలీలకు మాత్రం ఆ పంచాది తెగ నచ్చింది. వాళ్ల లెక్కలో అది విచారణ కాదు, మర్యాద. దొరను పేదవాడి ముందు కూర్చోబెట్టి, నాలుగు మాటలు అనిపించి, నవ్వి, ఓడ ఎక్కించే సాగనంపు. రఘుపతి వెళ్లిపోతున్నాడని తెలియగానే పోశెట్టి మరి ఇద్దర్ని వెంటేసుకొని వచ్చాడు.

“దండ ఏసి ఫొటో దిగుడు అందరికి చేస్తరు సారు. మీకు పంచాది పెడతం. గవర్నరు దొరకు పెట్టినట్టు. ఇక్బాల్ భాయి జడ్జి.”

మెట్‌పల్లి నుంచి వచ్చిన ఇక్బాల్ కొత్త ఇన్‌ఛార్జి. క్యాంపుకు వచ్చి వారం కాలేదు.

వాళ్లు ఆశించినట్టు రఘుపతి నవ్వలేదు. కానీ ఎప్పుడూ ఏదీ వెంటనే ఒప్పుకోని మనిషి, వాళ్ల మాట పూర్తి కాకముందే తల ఊపాడు. చాటింపు వేస్తారు. అందరి ముందూ పిలుస్తారు. వంటగది షెడ్డును ఆనుకొనే ఉంది. పెద్దులు రాకుండా ఎలా ఉంటాడు?

శుక్రవారం భోజనాలు అయ్యాయి. షెడ్డు కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి రఘుపతిని కూర్చోబెట్టారు. మెడలో కాగితం పూల దండ వేశారు. ఎదురుగా బల్ల మీద ఇక్బాల్, తలకు తువ్వాల చుట్టుకొని, జడ్జి అయినందుకు సిగ్గుపడుతూ కూర్చున్నాడు. బయట పికప్‌లో పెట్టెలు ఎక్కించి డ్రైవరు బాబు మియా సిద్ధంగా ఉన్నాడు. పోశెట్టి ఖాళీ పెయింటు డబ్బాను మెడకు తగిలించుకొని కర్రతో మోగించాడు.

“ఇనుండ్రోయ్! రఘుపతి దొర గద్దె దిగుతున్నడు! ఎవలెవలికి ఏం బాధలున్నయో వచ్చి చెప్పుకోండ్రోయ్! ఇయ్యాల చెప్పనోడు రేపు ఏడ్వద్దు!”

మొదట ఒక కుర్ర తాపీవాడు లేచాడు. “జడ్జి సాబ్, షార్జ మ్యాచి నాడు సచిన్ బ్యాటింగుల ఉన్నప్పుడు సారు జనరేటరు బంద్ చేసిండు. ఔటయిండా లేదా అని నాకు ఇప్పటికి తెల్వది.”

“ఔటయిండు రా” అన్నారు వెనక నుంచి.

“యే తో బడా జుర్మ్ హై, శాన పెద్ద నేరం” అన్నాడు ఇక్బాల్. “ఇంకెవరు?”

“నా పక్కన పండుకోనీకి నర్సిములును ఏసిండు సారు. ఆడు గురక పెడితె సముద్రం ఎనుకకు పోతది.”

“నువ్వు పళ్లు కొరుకుతవ్, నేను చెప్పిన్నా ఎవనికన్న?” అన్నాడు నర్సిములు.

“శుక్రారం నిద్ర చెడగొట్టి గవర్నరు కథ చెప్పిండు” అన్నాడు ఇంకొకడు. “ఇప్పుడు నాకు కలల గుడ ఓడలే వస్తున్నయి.”

ప్రతి ఫిర్యాదుకూ డబ్బా మోగింది, ఇక్బాల్ శిక్ష వేశాడు, అందరూ చప్పట్లు కొట్టారు. రఘుపతి వింటున్నాడు. వాళ్లు తనను ప్రేమగా సాగనంపుతున్నారని అర్థమవుతూనే ఉంది. ఆ అర్థం కావడం చేయి మొద్దుబారినప్పుడు ఎవరో దాన్ని పట్టుకున్నట్టుగా ఉంది. పట్టుకున్నారని కళ్లకు తెలుస్తుంది, అంతే. కోడి అయింది, గాడిద అయింది. అతని చూపు ఇక్బాల్ భుజం మీదుగా జాలీ కిటికీ వైపే ఉంది. లోపల కత్తి చప్పుడు ఒక్కసారైనా ఆగలేదు.

“ఇంకెవరన్న ఉన్నరా భై?” అన్నాడు ఇక్బాల్. “ఒక్కటోసారి.”

డబ్బా మోగింది.

“రెండోసారి.”

పోశెట్టి కర్ర ఎత్తి, ఎందుకో కిటికీ వైపు చూసి, మెల్లగా కొట్టాడు.

“మూడోసారి. ఇంక ముకద్దమా…”

కత్తి చప్పుడు ఆగింది. పెద్దులు వంటగది తలుపు తీసుకొని బయటికి వచ్చాడు. చేతులు లుంగీకి తుడుచుకుంటూ, పడుకున్నవాళ్ల కాళ్లు దాటుకుంటూ కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఈ నాలుగేళ్లలో రఘుపతి అతని మొహాన్ని ఇంత దగ్గర నుంచి చూడలేదు. మీసం నెరిసింది. ఏళ్ల కిందట సిద్ధం చేసుకున్న జవాబు కోసం రఘుపతి లోపల తడుముకున్నాడు. మొదటి మాట కూడా దొరకలేదు.

పెద్దులు కొంచెం ముందుకు వంగాడు. ముక్కు ఎగబీల్చి వాసన చూశాడు. తర్వాత కుడిచేతి వెనక భాగం రఘుపతి నుదుటి మీద ఆనించాడు. చేయి చల్లగా, తడిగా ఉంది. ఉల్లిగడ్డ వాసన గుప్పుమంది. దర్బారులో రఘుపతి ఎవరి నుదుటి మీదా అంతసేపు చేయి ఉంచలేదు.

“నాలుక” అన్నాడు పెద్దులు.

కొత్త కుర్రాళ్లు విరగబడి నవ్వారు. దర్బారు అనుకరణ వాళ్లకు అన్నిటికన్నా బాగా నచ్చింది. రఘుపతి నోరు తెరిచి, దండ వేసుకున్న మెడతో, అందరి ముందూ నాలుక బయట పెట్టాడు. పెద్దులు చూశాడు. వెలుగు సరిపోనట్టు తల కొద్దిగా పక్కకు వంచి మరీ చూశాడు.

“బస్సు” అన్నాడు.

చేయి తీసేశాడు. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే కాళ్లు దాటుకుంటూ వంటగదిలోకి వెళ్లిపోయాడు. తలుపు మూసిన చప్పుడయింది. కుర్రాళ్లు ఈలలు వేశారు. “ముకద్దమా ఖలాస్!” అని ఇక్బాల్ బల్ల చరిచాడు. పాతవాళ్లు ఎవరూ నవ్వలేదు. పోశెట్టి మెడలోని డబ్బా తీసి, చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు.

రఘుపతి నోరు మూసుకున్నాడు. లేచాడు. దండ తీసి కుర్చీ మీద పెట్టాడు. షెడ్డు బయట ఎండలోకి నడిచాడు. బాబు మియా పికప్ తలుపు తెరిచి పట్టుకొని ఉన్నాడు. రఘుపతి అతన్ని దాటి, నీళ్ల ట్యాంకు పక్కగా వెళ్లి, శుక్రవారం కాబట్టి ఖాళీగా నిలిచి ఉన్న సైటు బస్సు తలుపు నెట్టి ఎక్కాడు. కిటికీ పక్కన ఒక సీట్లో కూర్చున్నాడు.

పొద్దుటి నుంచి ఎండలో ఉన్న బస్సు. రెక్సిన్ సీటు కాలిపోతోంది. ప్యాంటు గుడ్డలోంచి తొడల వెనక చురుక్కుమంది, కొంతసేపటికి వీపంతా. ఊపిరి పీల్చుకుంటే దుమ్మూ ఇనుమూ కలిసిన వేడి గొంతులోకి దిగింది. చెమట వెంట్రుకల్లోంచి పుట్టి నుదుటి మీదికి, ఉల్లిగడ్డ వాసన మీదికి జారింది. కాలుతోందని రఘుపతికి తెలిసింది. తెలిసి, కదలకుండా కూర్చున్నాడు.

బాబు మియా బస్సు మెట్టు మీద నిలబడి తల లోపలికి పెట్టాడు. “సాబ్, యే గాడీ నహీ. సామాన్ ఉధర్ హై. ఆవో సాబ్.”

రఘుపతి ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు.

“సాబ్? తబియత్ ఠీక్ హై?”

వెనకే పోశెట్టి వచ్చాడు. లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. “బాబు మియా” అన్నాడు, “బస్సే తియ్యి.”

“ఏక్ ఆద్మీ కే లియే పూరా బస్? ఎయిర్‌పోర్ట్ తక్?”

“తియ్యి అంటున్న గద. ఇక్బాల్ భాయికి నేను చెప్త.”

“ఖల్లివల్లి” అని చేతులు దులుపుకొని బాబు మియా తాళం చెవి తేవడానికి వెళ్లాడు. ఎటుపోతే నాకేమని ఆ తీరమంతా అనే మాట అది. పాతవాళ్లు పికప్‌లోని పెట్టెలు దింపి బస్సులోకి చేరవేశారు. ఒక్కొక్కరూ పెట్టె పెట్టి, రఘుపతి వైపు చూడకుండా దిగిపోయారు. గవర్నరు పుస్తకం ఉన్న పెట్టె వెనక సీటు కిందికి పోయింది.

బస్సు షెడ్డు చుట్టూ తిరిగి గేటు వైపు మళ్లినప్పుడు వంటగది వెనక తలుపు కనిపించింది. పెద్దులు పీట మీద కూర్చొని ఉన్నాడు. ముందు బేసిను, పక్కన సాయంత్రపు కూరకు ఉల్లిగడ్డల కుప్ప. అతను తల ఎత్తలేదు. చేతిలో ఉన్నది రెండుగా కోసి, పొట్టు తీసి, ఇంకొకటి అందుకున్నాడు.

రోడ్డు ఎక్కాక బాబు మియా అద్దంలోంచి చూశాడు. వరసలకు వరసలు ఖాళీ సీట్లు, వాటి మధ్య చెమటతో తడిసి ముద్దయిన ఒక్క మనిషి.

“సాబ్, ఖిడ్కీ ఖోలో. హవా ఆయేగా.”

దారిలో తర్వాతి ఊరు ఖబూరా దాటేదాకా రఘుపతి కిటికీ తెరవలేదు.